దెబోరా నడిచిన పొలిమేర

యుద్ధం బర్మాలో జరుగుతూ ఉంటే, కుప్పానికి ఆరు మైళ్ళ దూరంలో ఒక ఊరు ఎవరి ఏలుబడిలో ఉందో తెలియకుండా పోయింది. ఆ ఊళ్ళో, గుండ్లమడుగులో, తుపాకి పేలలేదు. జపాను సిపాయి ఆ దరిదాపులకు రాలేదు. అయినా అది ఇవతలి తెల్లవాళ్ళ సర్కారుదా, అవతలి కన్నడ సంస్థానానిదా అని తేల్చుకోవడానికి రెండు పక్కల పెద్ద ఉద్యోగులకు పది నెలలు చాలలేదు. ఆ పది నెలల్లో ఊళ్ళో పదకొండు మంది పోయారు. చివరికి దాన్ని తేల్చేలా చేసింది ఊరి వెట్టిపనివాడు బర్నబాసు భార్య దెబోరా. ఆమె పేరు ఏ గెజిట్టులోనూ ఎక్కలేదు కాబట్టి ఇక్కడ రాయవలసి వచ్చింది.

తగాదా మూలం ఒక వంక. పాత పటంలో ఆ వంకే రెండు రాజ్యాలకూ ఎల్ల. ముప్పయ్యేళ్ళ కిందట ఒక పెద్ద వానకు వంక గట్టు తెంచుకుని వేరే దారి పట్టింది. గుండ్లమడుగు పాత వంకకూ కొత్త వంకకూ నడుమ మిగిలింది. వంకే ఎల్ల అని పటం చెబుతుంది గాని ఏ వంకో చెప్పదు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. శిస్తు ఇవతలి కచేరీకి కట్టేవాళ్ళు. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం అవతల. గొర్రెలకు ఎల్ల ఉండదు కాబట్టి అవి రెండు పక్కలా మేసేవి.

రంగూను పడిపోయి బర్మా బియ్యం ఆగిపోయాక గింజ మీద కంట్రోలు వచ్చింది. గింజ ఎల్ల దాటితే నేరమన్నారు. ఇవతలి సర్కారు తన గట్టు మీద దారికి అడ్డంగా ఒక వెదురు గడ కట్టింది. అవతలి సంస్థానం తన గట్టు మీద ఇంకో గడ కట్టింది. గుండ్లమడుగు రెండు గడల మధ్య పడింది. ఏ పక్క నుంచి రాగులు తెచ్చుకున్నా దొంగతనంగా ఎల్ల దాటించినట్టే. రేషను దుకాణం అడిగితే మీరు అవతలివాళ్ళు అని వీళ్ళు, మీరు ఇవతలివాళ్ళు అని వాళ్ళు. శిస్తు వసూలుకు మాత్రం ఇవతలివాళ్ళకు ఏ అనుమానమూ కలగలేదు.

ఊరి మునసబు లక్ష్మీపతి నాయుడు. రైతులు సర్కారుకు ఇంత ధాన్యం తోలాలని హుకుం వచ్చినప్పుడు, మా ఊరు అవతలిదండీ అన్నాడు. కిరసనాయిలు కోటా వచ్చినప్పుడు, మాది ఇవతలిదే కదండీ అన్నాడు. ఆయన పాతరలో రెండేళ్ళ రాగులు ఉన్నాయి. ఊరు ఎవరిదీ కాకుండా ఉన్నంతకాలం ఆ రాగులకు ఆయన చెప్పిందే ధర. ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు, యుద్ధం వస్తే వాడికి పండగ.

దెబోరా పుట్టింది పుంగనూరు దగ్గర సదుం పక్క పేటలో. తల్లి మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో రోగుల గుడ్డలు ఉతికేది. తల్లి పని చేస్తున్నంతసేపు పిల్ల మిషన్ బడిలో కూర్చునేది. మూడో తరగతి దాకా అట్లా చదివింది. పదహారో ఏట బర్నబాసుకిచ్చి గుండ్లమడుగు పంపారు. మెట్టినింట ఆమెకు దొరికింది వెట్టి బతుకు. దండోరా వెయ్యడం, అధికారి వస్తే మూట మొయ్యడం, దిక్కులేని శవాన్ని పూడ్చడం, కాలువ తూము ఎత్తడం, దించడం. ఇవన్నీ పేరుకు మగవాడి పని. సగం పైగా చేసేది ఆడది.

ఆ వెట్టికి ఒకే ఒక్క గౌరవం ఉంది. ఊరిలో అందరికంటే వెనక నడిచే ఆ మనిషి, పొలిమేర తగాదా వచ్చిన రోజు అందరికంటే ముందు నడుస్తాడు. ఊరి కళ్ళం నుంచి తీసిన మట్టిపెళ్ళ నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, వెనక్కి తిరిగి చూడకుండా ఎల్ల వెంబడి నడవాలి. పెద్దకులాల వాళ్ళు వెనక వస్తారు. అతను నడిచిందే ఎల్ల. తప్పు నడిస్తే ఏడాది తిరక్కుండా ఇంట్లో బిడ్డ దక్కదని నమ్మకం. ఇంటి గడప తొక్కనివ్వని మనిషి కాలి కింద రాజ్యాల హద్దు పెట్టుకున్నారు మనవాళ్ళు. అందులో తప్పేమిటో వాళ్ళకు ఎప్పుడూ కనిపించలేదు.

నలభై రెండులో అస్సాం కొండల్లో రోడ్లు వెయ్యడానికి మనుషులు కావాలని ఏజెంటు వచ్చాడు. ఊరి నుంచి ఇద్దరు కావాలంటే నాయుడు, ఊరి బయట వెట్టివాళ్ళుండే పేటలోంచి ఇద్దరి పేర్లు రాయించాడు. అందులో ఒకటి బర్నబాసుది. పోయే ముందు రెండు రోజులు బర్నబాసు భార్యను వెంటబెట్టుకుని పొలిమేర తిప్పాడు. ఏడు రాళ్ళు. ఈ విద్య తండ్రి కొడుక్కి చూపించాలి. వాళ్ళకున్నది ఒక్కతే కూతురు, దయామణి, ఐదేళ్ళది. అందుకని పెళ్ళానికి చూపించాడు. రాళ్ళను నమ్మొద్దని, రాళ్ళ కింద ఏముందో అది నమ్మమని చెప్పాడు. సర్వేవాళ్ళు రాయి పాతేటప్పుడు అడుగున ఒక తట్ట బొగ్గులూ కుండపెంకులూ పోస్తారు. బొగ్గు కుళ్ళదు, చెదలు తినవు. ఆ బొగ్గుల తట్ట మోసింది బర్నబాసు తాతే.

మొగుడు పోయాక వెట్టి పని దెబోరా చేసింది. ఆమె పేరున ఎవరూ ఉత్తరువు ఇవ్వలేదు. పని మాత్రం ఒక్క రోజు కూడా ఆపనివ్వలేదు.

నలభై మూడు ఏప్రిల్‌లో, ఊరివాళ్ళు పెట్టుకున్న అర్జీలు అరడజను దాటాక, ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నాయుడి అరుగు మీద కుర్చీ వేశారు. ఊరివాళ్ళు కింద నిలబడ్డారు. పేటవాళ్ళు ఇంకా అవతల ఎండలో నిలబడ్డారు. ఈ గ్రామం మీద అధికారం ఎవరు చలాయిస్తున్నారో విచారించి రాయమని తనకు ఉత్తరువు అన్నాడు. ఖూనీ జరిగితే ఏ పోలీసు వస్తాడని అడిగాడు. మా ఊళ్ళో ఖూనీలు జరగవండీ అని నాయుడు. పుట్టుక చావుల పుస్తకం ఎవరు రాస్తున్నారని అడిగాడు. నిరుటి నుంచి ఎవరూ రాయడం లేదండీ, ఏ సర్కారుకు పంపాలో తెలియక ఆపేశామండీ అని నాయుడు. పుట్టేవాళ్ళు పుడుతూనే ఉన్నారు, పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. పుస్తకం మాత్రం మర్యాదగా మూసుకుని కూర్చుంది.

విసిగిపోయి ఇన్‌స్పెక్టరు జనం వైపు తిరిగాడు. "అసలు ఈడ ఏ సర్కారు నడుస్తోంది?"

సన్నకారు రైతు భార్య మునిరత్నమ్మ చంకలో బిడ్డతో ముందువరసలో ఉంది. ఆమె నోటికి ఊళ్ళో మగవాళ్ళే జంకుతారు.

"రెండు గడలు నడస్తాండాయి సామీ. ఒగటి ఇట్లా పొడస్తాది, ఇంగోటి అట్లా పొడస్తాది. మద్దెలో మేముండాము."

జనం నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా మీసం కింద నవ్వుకుని, పాత రాళ్ళు ఎవరికి తెలుసని అడిగాడు. వెట్టికి తెలుసన్నారు. పిలవమన్నాడు. అస్సాంలో ఉన్నాడన్నారు. అప్పుడు ఎండలో నుంచి దెబోరా మాట వినిపించింది.

"నాకు తెలుసు సామీ. నేను నడస్తాను."

నాయుడు అరుగు మీద నుంచే గద్దించాడు. "ఏమే, ఆడదానివి నువ్వు మట్టి మోస్తావా? పైగా కిరస్తానందానివి. గంగమ్మకు మొక్కనిదానికి మట్టి అంటే బయమా బక్తా?"

"మొన్న మీ తూము ఎత్తేదానికి పిలిస్తిరే అయ్యా. అప్పుడు నేను ఆడదాన్ని కాదా?"

ఇన్‌స్పెక్టరుకు పని ముగించుకుని పోవాలని ఉంది. రెండు పటాలు కలవనప్పుడు పాత ఆచారం చూడవచ్చని రూల్లో ఉందన్నాడు. పది రోజులకు తేదీ పెట్టాడు. అవతలి సంస్థానం నుంచి కూడా ఒక అధికారిని పిలిపిస్తానన్నాడు.

దెబోరాకు నాయుడికంటే పెద్ద చిక్కు ప్రార్థన గుడిసె దగ్గర వచ్చింది. ఉపదేశి శాంతిరాజు మంచివాడే గాని భయస్తుడు. మట్టి నెత్తిన పెట్టుకోవడం అన్యుల ఆచారమని, సంఘం ఏమంటుందోనని సందేహపడ్డాడు. దెబోరా ఆయన ముందు దయామణిని నిలబెట్టింది. ఆరో ఏడు వచ్చిన పిల్ల నాలుగేళ్ళదానిలా ఉంది. మెడ సన్నం, కడుపు లావు. ఆయన పిల్ల వైపు చూసి అన్నాడు. "నువ్వు ప్రమాణం చెప్పొద్దమ్మా. ఊరికే నడువు. నడిచేదానికి తప్పు లేదు."

ఆ ఉదయం రెండు పక్కల అధికారులూ వచ్చారు. అవతలి అధికారి కన్నడంవాడు, పల్చటి మనిషి, గొడుగు వేసుకుని వచ్చాడు. కళ్ళంలోంచి మట్టిపెళ్ళ తెచ్చారు. ఆచారం ప్రకారం ఊరి పెద్ద దాన్ని వెట్టి నెత్తిన పెట్టాలి. నాయుడు రెండు మోదుగాకుల మధ్య పెళ్ళ పట్టుకుని, ఆమెకు చెయ్యి తగలకుండా జానెడు ఎత్తు నుంచి వదిలాడు. పెళ్ళ విరిగి సగం మన్ను ఆమె కళ్ళలో పడింది. ఆమె తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి చెయ్యెత్తితే మళ్ళీ మొదటినుంచి నడవాలంటారు.

మొదటి రాయి, రెండో రాయి సరిగ్గానే దొరికాయి. మూడో రాయి దూరం నుంచే కనిపిస్తోంది, నాయుడి చేని గట్టు మీద నిటారుగా. దెబోరా దాని దగ్గర ఆగలేదు. దాన్ని దాటి నాయుడి చేనులోకే, పాత వంక ఇసుక వైపు ఎనభై అడుగులు నడిచి, ఖాళీ నేల మీద నిలబడింది.

"ఈడ," అంది.

"రాయి ఆడుంటే ఈడంటావేమే?" అన్నాడు నాయుడు.

"రాయి ఆడుండాది అయ్యా. బొగ్గు ఈడుండాది."

తవ్వించారు. మోకాలిలోతులో ఒక తట్టెడు బొగ్గు, ఎర్ర పెంకులు బయటపడ్డాయి. నాయుడి గట్టు మీది రాయి కింద కూడా తవ్వించారు. అక్కడ ఒట్టి మన్ను. కన్నడ అధికారి ఒక బొగ్గు ముక్క చేతిలోకి తీసుకుని చిదిమి చూసి, తన భాషలో సరేనన్నాడు. ఎనభై అడుగుల సర్కారు నేల నాయుడి చేనులో ఎట్లా కలిసిందని మాత్రం ఇద్దరు అధికారుల్లో ఒక్కరూ అడగలేదు. వెనక నుంచి మునిరత్నమ్మ పక్కావిడతో, రాయికి కాళ్ళొచ్చినట్టుండాది అని అంది గాని, అది ఎవరూ రాసుకోలేదు.

మిగతా నాలుగు రాళ్ళూ ఆమె నడిచిన చోటే బొగ్గుతో సహా ఉన్నాయి. ఊరూ పేటా మొత్తం ఇవతలి సర్కారు కిందికే వచ్చాయి. పంచనామా రాశారు. ఊరి పెద్దలు చాలామంది వేలిముద్రలు వేశారు. దెబోరా సంతకం చేసింది.

ఇక్కడితో అయిపోవలసిన కథ. న్యాయంగా మరుసటి వారం రేషను బండి రావాలి. వచ్చింది ఒక కాగితం, అదీ మూడు వారాలకు. ఆ మధ్యలో నాయుడి బండి తాలూకా కచేరీకి రెండుసార్లు పోయివచ్చింది. గోతాల కింద ఏముందో ఎవరూ చూడలేదు. కాగితాన్ని నాయుడే అరుగు మీద నిలబడి చదివాడు. ఎల్ల నడిచిన స్త్రీ ఈ గ్రామానికి నియమింపబడిన వెట్టి కాదు. ఆమె పేరున ఉత్తరువు లేదు. కాబట్టి ఆ నడక చెల్లదు. అసలు వెట్టి యుద్ధపు పని నుంచి తిరిగివచ్చే వరకు గ్రామం విషయం అనిర్ణీతం.

అనిర్ణీతం. కుర్చీలో కూర్చున్నవాడికి అది ఒక మాట. గుండ్లమడుగులో ఆ మాటకు అర్థం ఇది: కొండకు పోయి అడవికంద దుంపలు తవ్వడం, రెండు నీళ్ళు పారబోసి ఉడికించినా నోరు దురద పెట్టడం. చింతగింజలు వేయించి దంచి, ఆ పిండి గంజి కాచడం. బలుసాకు అయిపోయాక ఏ ఆకు తింటే వాంతి రాదో పిల్లల మీద తెలుసుకోవడం. అప్పటికి ఊళ్ళో ఏడుగురు పోయారు.

దయామణి కాళ్ళు వాచాయి. దెబోరా పిల్లను భుజాన వేసుకుని నాయుడి దొడ్డివాకిట నిలబడి, ఒక శేరు రాగులు అప్పుగా అడిగింది. పాతర ఇంకా తియ్యలేదు పొమ్మన్నారు. మదనపల్లె ఆసుపత్రికి పోవాలంటే కుప్పం పోయి బస్సెక్కాలి. కుప్పం దాకా మోసుకుపోదామని మరునాడు పొద్దున బయల్దేరింది. వెదురు గడ చేరకముందే భుజం మీద పిల్ల బరువు మారింది. కన్నతల్లికి ఆ మార్పు తెలియడానికి దించి చూడక్కర్లేదు. వెనక్కి తిరిగి వచ్చింది.

శాంతిరాజు ప్రార్థన చేసి మట్టి చేశాడు. ఎన్నో శవాలను పూడ్చిన దెబోరా, ఆ రోజు పార ముట్టుకోలేదు.

నాలుగో రోజు నాయుడు అరుగు మీద, నలుగురు వినేలా అన్నాడు. "మట్టి ఊరికే పోతాదా? తప్పు నడిస్తే ఇంతే. ఏడాది గూడా పట్టలా, సూడండి."

ఆ మాట చెప్పినవాడికంటే, దాన్ని విన్నవాళ్ళు నన్ను ఎక్కువ మండిస్తారు. బొగ్గును కళ్ళారా చూసి, పంచనామా మీద వేలిముద్ర వేసినవాళ్ళే తలలు దించుకున్నారు. దెబోరా ఎదురైతే పక్కదారిన పోయారు. తన రాగులు తానే దాచుకుని పిల్లను చంపినవాడు, ఆ చావును తన సాక్ష్యంగా వాడుకున్నాడు. తల్లికి కడుపుకోత చాలదన్నట్టు అబద్ధమాడిందన్న మాట కూడా నెత్తిన పెట్టాడు.

మునిరత్నమ్మ కూడా రెండు రోజులు రాలేదు. మూడోరోజు పేటకు వచ్చి, గుడిసె బయట కూర్చుంది. తన పిల్ల కూడా పాలు లేక ఏడవడం మానేసిందని చెప్పింది. తర్వాత అడగలేక అడిగింది. "నిజంగా సరిగ్గానే నడిచినావు కదమ్మా?"

దెబోరా ఆమె ముఖంలోకి చూసి, "నువ్వు గూడానా," అంది. మరునాడు పొద్దున్నే కుప్పం పోయింది.

కుప్పం సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పూట పూటకు ఎసట్లో పోసే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి తెస్తారు. ఆ కరువులోనూ ఎవరూ పిడికిలి మానలేదు, పిడికిలి చిన్నదయింది, అంతే. శాంతిరాజు చీటీ చూపిస్తే వాళ్ళు ఆ నెల పిడికెళ్ళన్నీ, సగం రాగులు, సగం నూకలు, ఒక మూట కట్టి దెబోరా నెత్తికెత్తారు. ఆమె మూటతో మిట్టమధ్యాహ్నం, నడిదారిన, ఇవతలి గడ దగ్గరికి వచ్చి నిలబడింది.

గడ కాపలా గురప్ప అనే కానిస్టేబుల్‌ది. పలమనేరు పక్క గంగవరం మనిషి, బిడ్డలున్నవాడు. చీకటి పడ్డాక వంకలోంచి ఎవరైనా పోతుంటే అటువైపు తిరిగి బీడీ కాల్చుకుంటాడని అందరికీ తెలుసు.

"యాడికి తీస్కపోతాండావమ్మా అది?"

"ఇంటికి."

"ఇంటికంటే ఎల్ల దాటి పోవాల కదా. తెలిసే వస్తివా? పొద్దు గూకినాక వంకలో దిగి పో. నేను సూడను."

"సూడు గురప్పా. సూసి నన్ను పట్టుకో."

అతను ఆమెకు మతి పోయిందనుకున్నాడు. బిడ్డ పోయిన సంగతి విన్నాడు. నెమ్మదిగా, పిల్లలతో మాట్లాడినట్టు, పట్టుకుంటే జైలు ఖాయమని చెప్పాడు. దెబోరా మూట గడ కింద దించి, దాని పక్కనే కూర్చుంది.

"జైలు వేస్తే, గుండ్లమడుగు అవతలిదని మీ దొర రాయాల. వదిలిపెడితే ఇవతలిదని రాయాల. ఏదో ఒగటి రాయకుండా నన్ను ఏమీ చేయలేరు. అవతలిదని రాస్తే ఆ కాగితం తీస్కపోయి అవతలోళ్ళను తిండి అడుగుతాము. రాయనీ."

గురప్ప గడను తాడుతో కొయ్యకు బిగించాడు. తర్వాత టోపీ పెట్టుకుని, మూట తనే ఎత్తుకుని, ఆమెను ముందు నడవమన్నాడు.

పందొమ్మిది రోజులు లాకప్పులో ఉంచారు. కోర్టులో మేజిస్ట్రేటు నేరం ఒప్పుకుంటావా అని అడిగాడు. మూట మోశానని ఒప్పుకుంటాను గాని ఎల్ల దాటానో లేదో మీరే చెప్పాలంది. సర్కారు తరఫున సాక్ష్యానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరును పిలిచారు. ఈ గ్రామం మన ఎల్లకు అవతల ఉందా అని మేజిస్ట్రేటు అడిగాడు. అనిర్ణీతమండీ అన్నాడు ఇన్‌స్పెక్టరు. అనిర్ణీతమైతే ఈమె దాటబోయింది దేన్ని అని అడిగాడు. ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేశాడు. విచారణ ఏమీ జరగలేదా అని అడిగితే, పంచనామా బయటికి తియ్యక తప్పలేదు. చెల్లదని చెత్తలో వేసిన ఏడు రాళ్ళ నడక, బొగ్గులతో, పెంకులతో సహా కోర్టులో చదివారు. చదువుతున్నంతసేపు దెబోరా బోనులో చేతులు కట్టుకుని నిలబడింది. మూడో రాయి పాత చోట బొగ్గు దొరికిందన్న దగ్గర మాత్రం, ఆ వాక్యం మళ్ళీ చదవమని అడిగింది. మేజిస్ట్రేటు చదివించాడు.

శిస్తు రసీదులు అన్నీ ఇవతలి కచేరీవే. తన ఎల్లలో లేని ఊరి నుంచి సర్కారు ముప్పయ్యేళ్ళు శిస్తు తీసుకుందని అనుకోవడానికి వీల్లేదు, కాబట్టి గుండ్లమడుగు ఇవతలిదే, ముద్దాయి ఏ ఎల్లా దాటలేదు, కేసు కొట్టివేయడమైనది అని రాశాడు. నాలుగు వరుసలు. ఒక పూట పని. ఈ నాలుగు వరుసలు ఏప్రిల్‌లో రాయడానికి ఎవరి చెయ్యి పడిపోయిందో అడిగేవాడు ఆ కోర్టులో లేడు.

తీర్పు నకలు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చిన వారానికి దెబోరాకు ఇంకో కాగితం వచ్చింది. అనుమతి లేకుండా పందొమ్మిది రోజులు విధికి హాజరు కానందుకు ఆమెను గ్రామ వెట్టి పని నుంచి తొలగించారు. ఎల్ల నడిచిన రోజు ఆమె వెట్టి కాదు. తొలగించవలసి వచ్చేసరికి వెట్టి అయింది. ఈ దేశంలో పేదవాడికి ఉద్యోగం ఉందని సర్కారు ఒప్పుకునేది దాన్ని పీకేటప్పుడే.

ఆగస్టు ఆఖర్న రేషను బండి వచ్చింది. గోతాలు గుడి మండపంలో దించుదామని నాయుడు అన్నాడు. మండపం మెట్లు పేటవాళ్ళు ఎక్కకూడదు. దించితే వాళ్ళ వాటా ఎవరి చేతిమీదుగా వస్తుందో అందరికీ తెలుసు. ఈసారి మునిరత్నమ్మ నోరు తెరిచింది. "దోవలోనే దించు అప్పా. మా కాళ్ళు ఆడిదాకా రావు." ఊరివాళ్ళు నలుగురు ఆమె వెంట బండికి అడ్డం నిలబడ్డారు. దోవలోనే దించారు. ఊరూ పేటా ఒకే వరసలో నిలబడ్డాయి. నాయుడు ఇంట్లోకి పోయాడు. ఆయన మునసబుగిరీ అట్లాగే ఉంది. ఎనభై అడుగుల నేలా ఆయన చేనులోనే ఉంది.

గుమాస్తా దగ్గర పేర్ల జాబితా ఉంది. అది ఊరివాళ్ళ పాత అర్జీల నుంచి ఎత్తి రాసింది. అందులో కొందరు ఇప్పుడు లేరు. పిలిస్తే పలకని పేరు మీద అతను గీత గీసుకుంటూ పోతున్నాడు. ముసలి తాతల పేర్లు, ఒక బాలింత పేరు, మునిరత్నమ్మ చంటిదాని పేరు. తల్లి పలకలేక పక్కకు తిరిగితే అక్కడా గీత గీశాడు. పేట పేర్లకు వచ్చాడు.

"దయామణి, ఆరేండ్లు."

"లేదు," అంది దెబోరా. అతను కలం ఎత్తాడు. "గీత గియ్యొద్దప్పా. పక్కన రాయి. యాల లేదో రాయి."

"ఏమని రాసేది? జ్వరమా?"

"ఆకలి."

గుమాస్తా పక్కన నిలబడి ఉన్న ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆకలి చావు అనే మాట ఏ కాగితంలోనూ రాయకూడదని పైనుంచి ఉత్తరువులున్నాయని, జ్వరమని రాస్తే ఎవరికీ నష్టం లేదని ఇన్‌స్పెక్టరు మెల్లగా చెప్పాడు.

"నష్టం నాకుండాది సామీ," అంది దెబోరా. "తప్పు నడిచి బిడ్డను పోగొట్టుకున్నానంటాండారు ఊళ్ళో. మీ పుస్తకంలో ఆకలని రాయండి. రాసినాక నా రాగులు కొలవండి. అంతదాకా నేను ఈడనే ఉంటాను."

ఆమె వరసలోంచి కదలలేదు. వెనకవాళ్ళు ముందుకు రాలేదు. రెండో మనిషిగా ఉన్న ముసలాయన తట్ట కింద పెట్టి కూర్చున్నాడు. ఆ వెనక ఇంకొకరు. మునిరత్నమ్మ కొలిపించుకున్న రాగులు తట్టతో సహా తెచ్చి మళ్ళీ గోతాం పక్కన పెట్టి, తన పిల్లకు గీసిన గీత దగ్గర కూడా రాయమంది. పది నెలల ఆకలితో ఉన్న ఊరు, కళ్ళెదుట రాగులు పెట్టుకుని నేల మీద కూర్చుంది. బండివాడు పొద్దు వాలుతోందని గొణిగాడు. ఇన్‌స్పెక్టరు ఎండవైపు చూశాడు, వరసవైపు చూశాడు.

"రాసుకోవయ్యా," అన్నాడు.

గుమాస్తా పదకొండు చోట్లా రాశాడు. దెబోరా పుస్తకం తన వైపు తిప్పించుకుంది. వేలు పెట్టి ఒక్కో పేరూ, పక్కన ఉన్న మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఒక చోట సిరా అలుక్కుపోయి ఉంటే తిరగరాయించింది. తర్వాత కొంగు పట్టి, కొలవమంది.